పొట్టి జీన్స్‌ని ఇంట్లో పొడుగు చేసే సరుకులు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

పొడుగైన జీన్స్‌ని కత్తిరించి కుట్టుకోవడం తేలిక. పొట్టిదాన్ని పొడుగు చెయ్యడమే అసలు పని, ఎందుకంటే లేని బట్టని ఏ సరుకూ పుట్టించలేదు. అయినా ఈ పని కోసమని అమ్మే వస్తువులు చాలానే ఉన్నాయి. ఇస్త్రీ పెడితే అతుక్కునే టేపు, బట్టల జిగురు, రెడీమేడ్ పట్టీలు, నీలం మార్కర్లు, బయాస్ టేపు (ఏటవాలుగా కోసిన బట్ట పట్టీ), మందం దగ్గర మిషన్ పాదానికి, అంటే బట్టని నొక్కి పట్టే భాగానికి, ఆసరా ఇచ్చే ప్లాస్టిక్ బిళ్ళ. పద్ధతి ఇది: కాలి అంచు మడత విప్పి బట్టని కిందికి దించి, దాని కొసకి బయాస్ టేపు కుట్టి లోపలికి తిప్పడం. దానికి తప్పకుండా కొనదగ్గవి మూడే: కాటన్ బయాస్ టేపు, జీన్స్ సూదులు, పైకుట్టుకి (బయటికి కనబడే కుట్టుకి) లావు దారం. మిగతావాటిలో కొన్ని కాస్త సాయం చేస్తాయి, కొన్ని చేసిన పనిని చెడగొడతాయి. ఏది ఎందుకు అన్నది కింద వివరంగా ఉంది.

కొనే ముందు మడత కొలవండి

ఏ సరుకు కొనాలన్నా ముందు ప్యాంటుని తిరగేసి కాలి అంచు చూడాలి. జీన్స్‌కి మామూలుగా రెండు మడతల అంచు ఉంటుంది. బట్టని అర అంగుళం మడిచి, మళ్ళీ ఇంకో అర అంగుళం మడిచి, పై మడతని ఆనుకుని కుట్టేస్తారు. అంచు వెడల్పు అర అంగుళంలాగే కనబడినా లోపల దాదాపు అంగుళం బట్ట దాగి ఉంటుంది. అందులో పావు అంగుళం బయాస్ టేపుని కలిపే కుట్టుకి పోతుంది. మిగిలేది ముప్పావు అంగుళం, అంటే 18-19 మి.మీ. అతుకు కనబడకుండా ఇంట్లో పెంచుకోగలిగిన పొడవు ఇంతే.

అన్ని జీన్స్‌లలోనూ లోపలి మడత నిండుగా ఉండదు. అంచుని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పై కుట్టు నుంచి కిందికి జరపండి. కింది కొసదాకా ఒకే మందం తగిలితే మూడు పొరలూ నిండుగా ఉన్నట్టు. మధ్యలో చిన్న మెట్టులా తగిలి, అక్కడి నుంచి పల్చబడితే లోపలి మడత అక్కడే ఆగిపోయిందన్నమాట. లోపలి మడత పావు అంగుళమే ఉంటే మీకు దక్కేది అర అంగుళం.

ముప్పావు అంగుళం వినడానికి చిన్న కొలతే. కానీ చీలమండ మీద ఆగిపోయే ప్యాంటు బూటు మీదికి దిగడానికి చాలాసార్లు అదే చాలు. ఎంత పెంచాలో చూసుకునేటప్పుడు ఆ ప్యాంటుతో వేసుకునే బూట్లే తొడుక్కుని నిటారుగా నిలబడి, కొలత ఇంకొకరి చేత తీయించుకోండి. మీరే వంగి చూసుకుంటే వెనక అంచు పైకి లేస్తుంది, కొలత తప్పుతుంది.

ఇంకో సంగతి. ఉతకని కొత్త జీన్స్‌ని కొలిచి పని మొదలుపెట్టకండి. కుంచించుకుపోకుండా ముందే శుద్ధి చేసిన డెనిమ్ కూడా తొలి ఉతుకుల్లో 3 శాతం దాకా తగ్గొచ్చు. 30 అంగుళాల కాలుకి 3 శాతం అంటే దాదాపు అంగుళం. మీరు కష్టపడి సంపాదించే ముప్పావు అంగుళం కన్నా అది ఎక్కువ. ఉతికి, పూర్తిగా ఆరాకే కొలత టేపు పట్టుకోండి. తడి జీన్స్‌ని లాగి ఆరేస్తే పొడుగవుతుందనే చిట్కా కొంతవరకు నిజమే, కుంచించుకున్న మేరకు కొంచెం వెనక్కి వస్తుంది. కానీ మళ్ళీ ఉతికితే మళ్ళీ పొట్టిదవుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

చివరగా అంచుని దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి. మడమ దగ్గర మడత గీత వెంట చిన్న చిన్న వెలుగు చుక్కలు కనబడితే బట్ట అక్కడ అరిగి తెగిపోతున్నట్టు. అలాంటి అంచుని విప్పి దించితే ఆ చిరుగు కాలి మీదికి వచ్చి కూర్చుంటుంది. దానికి వెనక అతుకైనా వెయ్యాలి, లేదా ఆ భాగం తీసేసి కింద చెప్పిన పట్టీ పద్ధతికైనా వెళ్ళాలి.

సీమ్ రిప్పర్

కుట్లు విప్పడానికి చవకగా దొరికే చిన్న వస్తువు, కానీ తప్పుగా వాడితే జీన్స్‌నే చింపుతుంది. మొన సన్నగా ఉండి, రెండో కొమ్ము మీద ఎర్ర పూస ఉన్నది తీసుకోండి. డెనిమ్ పైకుట్టు దారం లావుగా ఉంటుంది కాబట్టి పాత రిప్పర్ తెంపలేక జారుతుంది. జారినప్పుడు తెగేది బట్ట. ఎప్పటిదో మొద్దుబారిన రిప్పర్ ఉంటే పక్కన పెట్టి కొత్తది కొనండి.

విప్పే ముందు ఏ కుట్టో చూసుకోవాలి. ఫ్యాక్టరీ అంచుల్లో చాలావాటికి చైన్ కుట్టు ఉంటుంది. బయటి వైపు మామూలు కుట్టులాగే ఉంటుంది, లోపలి వైపు గొలుసులా కనబడుతుంది. ఇదైతే పని నిమిషాల్లో అయిపోతుంది. కుట్టు మొదలూ చివరా ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోటు వెతకండి, అక్కడ చివరి లంకెని తెంపి లోపలి దారాన్ని లాగితే అంచంతా సర్రున ఊడి వస్తుంది. లాగుతుంటే బిగుసుకుంటోందంటే తప్పు కొస దొరికినట్టు. రెండో వైపు నుంచి లాగి చూడండి.

రెండు వైపులా ఒకేలా ఉంటే అది లాక్ కుట్టు, ఇంటి మిషన్ వేసేలాంటిదే. లోపలి వైపు నాలుగు కుట్లకొకటి చొప్పున తెంపుతూ చుట్టూ వెళ్ళి, తర్వాత బయటి దారం కొస పట్టుకుని లాగాలి. తొందరపడి రిప్పర్‌ని కుట్టు పొడవునా తోసుకుంటూ పోకూడదు. మడత అంచు అప్పటికే అరిగి ఉంటుంది, నిలువు దారాలు రెండు తెగినా చాలు, మూడో ఉతుక్కి చిల్లు పడుతుంది. కాలి పక్క అతుకుల దగ్గర పొరలు దట్టంగా ఉంటాయి కాబట్టి అక్కడ రిప్పర్ బదులు మొన ఉన్న చిన్న కత్తెర వాడండి.

మడత విప్పగానే లోపల నూగు, మట్టి పేరుకుని కనబడతాయి. పాత టూత్‌బ్రష్‌తో గట్టిగా దులపండి. అవి ఉండగానే ఇస్త్రీ పెడితే అక్కడ గట్టు మిగిలిపోతుంది. తర్వాత వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి గుడ్డతో మడత మీద అద్ది, ఆవిరితో ఇస్త్రీ చేస్తే ముడత చాలావరకు పోతుంది. ముందు లోపలి వైపు ఒక మూల అద్ది రంగు మారడం లేదని చూసుకోండి.

తెల్ల గీత మాత్రం పోదు. డెనిమ్‌లో పడుగు (నిలువు దారాలు) నీలం, పేక (అడ్డ దారాలు) తెలుపు. ఇండిగో రంగు నూలు లోపలిదాకా ఇంకదు, పైపొరనే పట్టుకుని ఉంటుంది. మడత అంచు బూటుకీ నేలకీ రాసుకుని ఆ పైపొర అరిగిపోయి లోపలి తెల్ల నూలు బయటపడుతుంది. అది మురికీ కాదు, ముడతా కాదు, రంగు లేకపోవడం. ఉతకడంతోనో ఇస్త్రీతోనో దాన్ని పోగొడతామనే ఏ సరుకునీ నమ్మక్కర్లేదు. దాన్ని దాచే ఉపాయం బయాస్ టేపు వెడల్పులోనే ఉంది.

బయాస్ టేపు: ఈ పనికి ప్రాణం

టైలర్లు క్రాస్ పట్టీ అనేది ఇదే. ఏటవాలుగా కత్తిరించిన పట్టీని రెండు అంచులూ లోపలికి మడిచి, ఇస్త్రీ చేసి అమ్ముతారు. అంగడిలో మూడు నాలుగు రకాలు పక్కపక్కనే ఉంటాయి, తేడా తెలియక తప్పుది తెచ్చుకునేవాళ్ళు ఎక్కువ.

శాటిన్ లేదా పాలిస్టర్ టేపు మెరుస్తూ బాగానే ఉంటుంది, కానీ డెనిమ్ మీద జారుతుంది, కాటన్‌కి పెట్టే ఇస్త్రీ వేడికి ముడుచుకుంటుంది. కాటన్ ట్విల్ టేపు గట్టిది, అయితే అది నిలువు నేత కాబట్టి సాగదు. కాలు తిన్నగా ఉన్న జీన్స్‌కి పర్వాలేదు. కింది వెడల్పు ఎక్కువున్న బూట్‌కట్‌కైతే టేపు పై అంచు దగ్గర బట్ట మిగిలి ముడతలు పడుతుంది. కిందికి సన్నబడే కాలుకైతే పై అంచు సరిపోక లాగుతుంది. ఏటవాలు కోత ఉన్న కాటన్ టేపు ఈ రెండు పక్కలకీ సర్దుకుంటుంది. అందుకే మా ఓటు దానికే. మడిచిన తర్వాత 20 మి.మీ. వెడల్పు ఉన్నది, ఒకే మడతది కొనండి. మధ్యలో మళ్ళీ మడిచి పైపింగ్ కోసం అమ్మే రెండు మడతల టేపు ఈ పనికి కాదు.

20 మి.మీ. అని పట్టుబట్టడానికి కారణం ఉంది. అంగుళం బట్ట దించి, పావు అంగుళం కుట్టుకి వదిలేస్తే పాత తెల్ల గీత కొత్త అంచుకి సుమారు 18 మి.మీ. పైన పడుతుంది. 20 మి.మీ. టేపు లోపలికి తిప్పితే దాని పై అంచుకి కొంచెం కిందుగా వేసే పైకుట్టు సరిగ్గా ఆ గీత మీదే నడుస్తుంది. లావు దారం గీతని చాలావరకు కప్పేస్తుంది. మిగిలిన తెలుపు పైకుట్టు పక్కన సహజంగా వచ్చే వెలసిన ఛాయలా కనబడుతుంది. 12 మి.మీ. టేపు కొంటే కుట్టు గీతకి కింద పడి, గీత విడిగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 25 మి.మీ. కొంటే గీతకి పైన పడుతుంది. లోపలి మడత చిన్నగా ఉన్న జీన్స్‌కి మాత్రం తెల్ల గీత నుంచి తెగిన అంచుదాకా కొలిచి, అందులోంచి 7 మి.మీ. తీసేసి, వచ్చిన దానికి 2-3 మి.మీ. కలిపి టేపు వెడల్పు నిర్ణయించుకోండి.

ఎంత కొనాలి? అంచు చుట్టుకొలతకి రెండు అంగుళాలు కలిపి, రెండు కాళ్ళకి లెక్కేయండి. 16 అంగుళాల అంచుకి 18 చొప్పున 36 అంగుళాలు, కాబట్టి ఒక మీటరు చాలు. కుట్టే ముందు టేపుని ఆవిరితో ఇస్త్రీ చెయ్యడమో, తడిపి ఆరబెట్టడమో తప్పనిసరి. కుట్టేశాక టేపు ఒక్కటే కుంచించుకుపోతే అంచంతా కుచ్చులు పట్టినట్టు ముడుచుకుంటుంది. విప్పడం తప్ప దానికి మందు లేదు.

టేపు జతచేసేటప్పుడు చాలామంది లాభాన్ని పోగొట్టుకునే చోటు ఒకటుంది. 20 మి.మీ. టేపులో మడిచిన పొర సాధారణంగా 10 మి.మీ. దగ్గర ఉంటుంది. ఆ పొర విప్పి, జీన్స్ అంచుకి టేపు అంచు సరిగ్గా కలిపి మడత గీత మీద కుట్టేస్తే జీన్స్ బట్ట 10 మి.మీ. లోపలికి పోతుంది. పావు అంగుళం చాలినచోట ఒకటిన్నర రెట్లకి పైగా పోయినట్టు. టేపు అంచుని 4 మి.మీ. బయటికి జరిపి గుండుసూదులు గుచ్చండి. అప్పుడు మడత గీత జీన్స్ అంచుకి 6 మి.మీ. లోపల పడుతుంది, దాని మీదే కుట్టుకుంటూ వెళ్ళొచ్చు. టేపు మంచి వైపు (బయటికి కనబడేది) జీన్స్ మంచి వైపుని తాకుతూ ఉండాలి. టేపు మొదలు కాలి లోపలి అతుకు మీద పెట్టకండి, అంగుళం వెనక పెట్టండి. అతుకు దగ్గర అసలే పొరలు ఎక్కువ. మొదటి కొసని అర అంగుళం మడిచి పెట్టి, చుట్టూ వచ్చిన రెండో కొసని దాని మీదికి అర అంగుళం ఎక్కించి కుట్టండి. ఈ కుట్టు 2.5 మి.మీ. పొడవు, మామూలు దారంతోనే.

తర్వాత టేపుని లోపలికి తిప్పి ఇస్త్రీ చెయ్యాలి. కింది అంచు దగ్గర టేపు బయటికి తొంగి చూడకుండా డెనిమ్‌ని 1 మి.మీ. లోపలికి దొర్లించి నొక్కండి. ఈ ఒక్క మిల్లీమీటరు వదిలేస్తే నడిచేటప్పుడు లోపలి టేపు రంగు గీతలా కనబడుతుంది. టేపు రంగు నీలమో నలుపో తీసుకోమనేది కూడా అందుకే.

సూది, దారం

మిషన్‌లో ఉన్న మామూలు సూదితో డెనిమ్ కుట్టబోయి సూది విరిగితే తప్పు మిషన్‌ది కాదు. జీన్స్ సూది కాడ మామూలు దానికన్నా గట్టిగా ఉంటుంది, దట్టమైన నేతలోకి వంగిపోకుండా దిగుతుంది. ఇంటి మిషన్లకి సరిపోయే చదును కాడ సూదుల్లో 100/16 సైజు మామూలు మందం డెనిమ్‌కి, 90/14 పల్చటి స్ట్రెచ్ జీన్స్‌కి, 110/18 బాగా మందపు బట్టకి. ష్మెట్జ్ కంపెనీ సూదులైతే రంగు గీతలు చూసి గుర్తుపట్టొచ్చు: పైన నీలం గీత జీన్స్ రకానికి, కింద ఊదా గీత 100 సైజుకి, పసుపు 110కి. ప్యాకెట్ పోయినా సూదుల డబ్బాలో కలిసిపోయిన సూదిని ఇట్టే తీయొచ్చు. మాకు ఇది బాగా నచ్చిన సౌకర్యం. కుట్టేటప్పుడు ప్రతి కుట్టుకీ టక్ టక్‌మని చప్పుడు వస్తోందంటే మొన మొద్దుబారింది, మార్చెయ్యండి.

దారం సంగతిలో రాజీపడొద్దు. జీన్స్ అంచుని జీన్స్ అంచులా చూపించేది ఆ లావు దారమే. మామూలు దారంతో వేసిన పైకుట్టు సన్నటి గీతలా పడి, ఇది ఇంట్లో దించిన అంచు అని చాటి చెబుతుంది. పైకుట్టు దారాల్లో టెక్స్ (దారం లావు కొలత) 60 దగ్గరది ఇంటి మిషన్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తుంది. అంతకన్నా లావుది కొంటే సూది కన్నులో ఇరుక్కుని పోగులు విడిపోతుంది. అచ్చం కాటన్ దారం జీన్స్‌తోపాటే వెలసి అందంగా కలిసిపోతుంది, కానీ బూటు రాపిడికి తొందరగా తెగుతుంది. అచ్చం పాలిస్టర్ దారం తెగదు, కానీ వెలవదు కూడా. జీన్స్ పాతబడేకొద్దీ దారం ఒక్కటే కొత్తగా మెరుస్తూ కనబడుతుంది. లోపల పాలిస్టర్ ఉండి పైన కాటన్ చుట్టిన దారం దొరికితే అదే మేలు. రంగు సరిచూడ్డానికి అంచు నుంచి విప్పిన దారం ముక్క దాచిపెట్టి అంగడికి తీసుకెళ్ళండి. బంగారు రంగు, పొగాకు రంగు, ఇటుక రంగు జ్ఞాపకంలో ఒకేలా ఉంటాయి, జీన్స్ మీద పెడితే వేరువేరుగా కనబడతాయి. రెండు అంచుల పైకుట్టుకి రెండు మీటర్లు కూడా పట్టదు, కాబట్టి చిన్న రీలు తీసుకున్నా చాలా జతలకి వస్తుంది.

బాబిన్‌లో (కింది దారం చుట్టే చిన్న చక్రంలో) లావు దారం చుట్టకండి, అక్కడ మామూలు దారమే. పై దారం టెన్షన్ (బిగువు) ఒక అంకె పెంచి, కుట్టు పొడవు 3.5 నుంచి 4 మి.మీ. పెట్టి, పాత జీన్స్ ముక్క మీద అన్ని పొరలూ పెట్టి వేసి చూడండి. కింద దారం గూడు కట్టినట్టు చిక్కుపడితే బాబిన్‌ని తిట్టుకుంటారు చాలామంది. కారణం దాదాపుగా పై దారమే. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్ళల మధ్యలోకి దిగదు. పాదం పైకెత్తి మళ్ళీ ఎక్కించండి, చిక్కు పోతుంది.

పైకుట్టు బయటి వైపు నుంచే వెయ్యాలి. సూది నుంచి 18 మి.మీ. కొలిచి మిషన్ పలక మీద కాగితం టేపు ముక్క అంటించి, జీన్స్ అంచు దాన్ని ఆనుకుని వెళ్ళేలా నడిపిస్తే కుట్టు వంకర పోదు. కాలు గొట్టంలా ఎక్కించడానికి వీలున్న మిషన్ కాకపోతే ప్యాంటుని మంచి వైపు లోపలికి ఉండేలా తిరగేసి, కాలి గొట్టం లోపలే పాదం ఉంచి కుట్టండి. సూది కిందికి మంచి వైపే వస్తుంది, బట్ట నలగదు.

మందం దగ్గర ప్లాస్టిక్ బిళ్ళ

కాలి లోపలి అతుకు దగ్గర మడతలు కలిసి ఆరేడు పొరలు అవుతాయి. పాదం ఆ గట్టు ఎక్కేటప్పుడు ముందు భాగం పైకి లేచి, వెనక భాగం కిందికి దిగి ఏటవాలుగా నిలబడుతుంది. అప్పుడు బట్ట ముందుకు జరగదు, కుట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి లేదా దాటిపోతాయి. గట్టు దిగేటప్పుడు సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఈ బిళ్ళని పాదం వెనక, తర్వాత ముందు పెట్టి పాదాన్ని మట్టంగా ఉంచుతారు. వస్తువు చెప్పిన పని చేస్తుంది. కానీ జీన్స్ ముక్కని అదే మందానికి మడిచి పెట్టినా అంతే పని జరుగుతుంది, కాబట్టి దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు. డబ్బు ఖర్చు లేని ఇంకో సాయం సుత్తి. అతుకు మీద గుడ్డ కప్పి, కింద గట్టి చెక్క పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే గట్టు బాగా తగ్గుతుంది. ఆ అంగుళం దూరం పెడల్ మీద కాలు తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ దాటండి. సూదులు విరిగేది ఎక్కువగా ఇక్కడే.

ఇస్త్రీతో అతుక్కునే టేపు, జిగురు

కుట్టు రానివాళ్ళని ఎక్కువగా ఆకర్షించేది, ఎక్కువగా నిరాశపరిచేది ఈ టేపే. ఇది పొడుగు తగ్గించే పనికి తయారైన సరుకు. పైకి మడిచిన వెడల్పాటి బట్టని అంటించడానికి దానికి చోటు దొరుకుతుంది. పొడుగు చేసేటప్పుడు పట్టు దొరికేది 6 మి.మీ. కుట్టు వెడల్పు మాత్రమే, అదీ బూటు మడమ తగిలి లాగే చోట. పైగా డెనిమ్ మందానికి వేడి లోపలి జిగురుదాకా సరిగా దిగదు. దిగేదాకా ఇస్త్రీ అదిమి ఉంచితే స్ట్రెచ్ జీన్స్‌లోని సాగే దారం దెబ్బతింటుంది. వేడినీళ్ళ ఉతుకులో, డ్రయ్యర్‌లో జిగురు మెత్తబడి అంచు ఒక మూల నుంచి విడిపోవడం మొదలవుతుంది. విడిపోయాక కుడదామంటే గట్టి రకం జిగురు సూదికి పట్టుకుని కుట్లు దాటిపోతాయి.

ఒక్క పనికి మాత్రం దీన్ని మెచ్చుకోవాలి. పైన కుట్టినా పర్వాలేదని రాసి ఉన్న పల్చటి రకం, 6 మి.మీ. వెడల్పుది తెచ్చి, బయాస్ టేపు పై అంచుని పైకుట్టు వేసేదాకా కదలకుండా అంటించుకోవచ్చు. గుండుసూదుల బాధ తప్పుతుంది. బట్టల జిగురు అసలే వద్దు. డెనిమ్‌లోకి ఇంకి బయట నల్లటి మరకలా కనబడుతుంది, ఆరాక అంచు అట్టలా బిగుసుకుంటుంది.

ముప్పావు అంగుళం చాలకపోతే: పట్టీలు

రెండు మూడు అంగుళాలు కావాలంటే కొత్త బట్ట కలపక తప్పదు. రెడీమేడ్‌గా దొరికే అల్లిక పట్టీలు, స్వెటర్ చేతుల చివర ఉండేలాంటివి, పిల్లల జీన్స్‌కి బాగా నప్పుతాయి. సాగుతాయి కాబట్టి కాలి కొలతకి తేడా వచ్చినా సర్దుకుంటాయి. ఎదిగే పిల్లలకి ఇంకో ఏడాది వాడకం వస్తుంది. పెద్దవాళ్ళ తిన్నని జీన్స్‌కి ఇవి కుదరవు, చీలమండ దగ్గర బిగుసుకుని పైన బట్ట సంచిలా ఉబ్బుతుంది. లేసు పట్టీలు అందంగా ఉంటాయి గానీ డెనిమ్ బరువుకి తొందరగా చిరుగుతాయి, కాబట్టి వెనక బయాస్ టేపు వేసి కుట్టాలి.

డెనిమ్ పట్టీకి పాత జీన్స్‌ని మించిన సరుకు లేదు. మందం సరిపోవాలి, పడుగు నిలువుగానే ఉండాలి, ఏటవాలు నేత గీతలు ఒకే వైపుకి వాలాలి. పట్టీని అడ్డంగా కత్తిరిస్తే మొదటి ఉతుక్కే కాలు ఒకలా, పట్టీ ఒకలా కుంచించుకుంటాయి. రంగు కలవకపోయినా ఫర్వాలేదు. దాదాపు కలిసీ కలవని రంగుకన్నా స్పష్టంగా వేరైన ముదురు రంగే బాగుంటుంది, కావాలని పెట్టినట్టు కనబడుతుంది.

పాత అంచుని అలాగే ఉంచి, దానికి రెండున్నర అంగుళాల పైన కాలిని అడ్డంగా కోసి, మధ్యలో పట్టీ పెట్టడం ఇంట్లో చేసుకోదగ్గ మంచి పద్ధతి. కింది అంచు అరుగుదల, ఫ్యాక్టరీ కుట్టు చెక్కుచెదరవు. లెక్క మాత్రం జాగ్రత్తగా వేయాలి. రెండు అతుకులు వస్తాయి. ఒక్కో అతుకులో కాలి బట్ట అర అంగుళం, పట్టీ బట్ట అర అంగుళం లోపలికి పోతాయి. అంటే మొత్తం రెండు అంగుళాలు కుట్టుకే. రెండు అంగుళాలు పెరగాలంటే పట్టీ ఎత్తు నాలుగు అంగుళాలు ఉండాలి. మూడు అంగుళాల పట్టీ కోసి ఒక్క అంగుళమే పెరిగిందని తెల్లబోయేది ఈ లెక్క మరిచిపోయినందుకే. కాలు కిందికి సన్నబడుతుంటే పట్టీ పై కొలత, కింది కొలత వేరువేరుగా తీసుకోండి. పట్టీ అతుకు కాలి లోపలి అతుకుతో కలవాలి, లేకపోతే నడిచేటప్పుడు కాలు మెలితిరిగినట్టు ఉంటుంది.

మూడు అంగుళాలు దాటి పెంచాలనుకుంటే ఒకసారి ఆలోచించండి. కింద ఎంత కలిపినా ప్యాంటు మోకాలు ఉన్న చోటే ఉంటుంది. మోకాలి దగ్గర సన్నబడే కోత ఉన్న జీన్స్‌లో ఆ వంపు మీ మోకాలికి పైన పడి, తొడ దగ్గర లాగుతుంది.

నీలం మార్కర్, గరుకు కాగితం

పైకుట్టు కిందనుంచి ఇంకా తొంగి చూసే తెలుపుని మార్కర్‌తో తగ్గించొచ్చు, పూర్తిగా మాయం చెయ్యలేం. బట్టల మార్కర్‌నే వాడండి, కాగితం మీద రాసేది ఉతుకులో పక్కలకి పాకి ఊదా రంగుకి తిరుగుతుంది. జీన్స్ రంగుకన్నా ఒక ఛాయ లేతది తీసుకుని, గీత గీసినట్టు కాకుండా మొనతో నిలువుగా చిన్న చిన్న గీతలు పెట్టండి, పడుగు నీలంగా ఉండేది ఆ దిక్కులోనే కాబట్టి. మీద గుడ్డ వేసి ఇస్త్రీ పెడితే రంగు కొంత నిలుస్తుంది. ఉతుకుతూ పోతే వెలుస్తుంది, మళ్ళీ పెట్టుకోవాల్సిందే.

బాగా వెలసిన పాత జీన్స్‌కి మార్కర్‌కన్నా 220 నంబరు గరుకు కాగితం ఎక్కువ మేలు చేస్తుంది. అక్కడ ఇబ్బంది తెల్ల గీతతో మాత్రమే కాదు, దాని కింద ఇన్నాళ్ళూ ఎండ తగలని ముదురు పట్టీతోనూ. కాలి లోపల చిన్న చెక్క దూర్చి, ఆ ముదురు భాగం మీద తేలిగ్గా రుద్దుతూ పై కాలి రంగుకి దగ్గరగా తీసుకురండి. టేపు కుట్టకముందే ఈ పని చేసుకోవాలి. తెల్ల గీత మీద మాత్రం రుద్దకండి, అక్కడ దారం ఇప్పటికే సగం అరిగి ఉంది. బ్లీచింగ్ నీళ్ళ జోలికి వెళ్ళొద్దు. స్ట్రెచ్ జీన్స్‌లో సాగే దారాన్ని క్లోరిన్ తినేస్తుంది, అంచు వదులై వేలాడుతుంది.

మిషన్ లేకపోతే

టేపు కలిపే కుట్టుని చేత్తో వెనక కుట్టుగా (బ్యాక్ స్టిచ్), 3 మి.మీ. దూరంతో వేసుకోవచ్చు. గట్టి సూది, వేలికి తొడుగు, మైనం రాసిన బలమైన దారం ఉండాలి. టేపు పై అంచుని లోపలి నుంచే హెమ్మింగ్ చేసుకుని, పైకుట్టు కోసం పాత కుట్టు రంధ్రాల్లోంచే లావు దారంతో వెళ్ళండి. అంచు విప్పినప్పుడు తెల్ల గీతకి పైన ఒక వరస, కింద మరికొన్ని వరసలుగా రంధ్రాలు మిగులుతాయి. పై వరస వాడుకుంటే సూది సులువుగా దిగుతుంది, కుట్టు తిన్నగా వస్తుంది. అలా చెయ్యాలంటే టేపు 35 మి.మీ. వెడల్పుది కావాలి. కాలుకి గంటన్నర పట్టే పని, కానీ ఇస్త్రీ టేపులాగా ఊడిపోయేది మాత్రం కాదు.

కుట్టేశాక మొదటిసారి తిరగేసి చల్లటి నీళ్ళలో ఉతికి, తడి మీదే అంచుని చేత్తో సాఫీగా లాగి ఆరేయండి. ఆరాక ఎక్కడైనా టేపు బయటికి దొర్లితే అంచు నుంచి 2 మి.మీ. పైన ఇంకో వరస పైకుట్టు వేస్తే అక్కడితో ఆగుతుంది.